పారదర్శక ద్రవములు

కనకరాజు కడుపులో గ్యాస్ ఉందని ఉప్పల్ పాత గల్లీలో తెలియనివాళ్లు లేరు. ఆ సంగతి టాంటాం వేసుకున్నది కూడా ఆయనే. పాలు పోసే మనిషికి చెప్పాడు, ఎదురింటి సత్తమ్మకు చెప్పాడు, నాచారంలో తాను పనిచేసే ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో షిఫ్టు షిఫ్టుకూ చెప్పాడు. యాభై ఎనిమిదేళ్ల మగమనిషి తన గ్యాస్ గురించి అంత ఇష్టంగా చెప్పుకుంటున్నాడంటే, దాని వెనక ఇంకేదో దాస్తున్నాడని ఎవరికైనా అనుమానం రావాలి. ఎవరికీ రాలేదు. గ్యాస్ మాట ఎత్తితే ఎవరికైనా తమ గ్యాసే గుర్తొస్తుంది గాని ఎదుటివాడిది కాదు.

అసలు సంగతి గ్యాస్ కాదు, రక్తం. నెలన్నరగా దొడ్డికి పోయినప్పుడల్లా పడుతోంది. నాలుగేళ్ల కిందట ఆయన అన్న బాలరాజు ఇట్లాగే మొదలై పోయాడు. పెద్దపేగులో గడ్డ. ఎనిమిది నెలలు రక్తం పడుతున్నా సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, చెప్పేనాటికి డాక్టర్లు చేతులెత్తేశారు. "నోరు తెరిచి ఒక్క మాట చెప్తే బతుకుతుంటివి గదనే!" అని అన్న శవం ముందు గుండెలు బాదుకున్నది కనకరాజే. తన వంతు వచ్చేసరికి తానూ నోటికి తాళం వేసుకున్నాడు. చెప్పేవి శ్రీరంగనీతులు అని పెద్దలు ఊరికే అనలేదు.

భార్య సక్కుబాయికి చెప్పకపోవడానికి పైకి ఒక కారణం పెట్టుకున్నాడు: ఆమె చెవిన పడితే సాయంత్రానికల్లా చెంగిచెర్లలో ఆడబిడ్డ ఇంటి దాకా పాకుతుంది. లోపలి కారణం వేరు. బాలరాజుకు చివరి మూడు నెలలూ చెమ్చాతో గంజి పోసింది సక్కుబాయే. ఆమెను మళ్లీ ఆ పని చెయ్యమని అడగడానికి కనకరాజుకు నోరు రాలేదు.

అందుకే ఒక్కడే ఉప్పల్ చౌరస్తాలో డాక్టర్ నరసింహమూర్తి దగ్గరికి వెళ్లాడు. ఆయన అంతా విని, చీటీ మీద ఏదో బరికి, బేరియం ఎనీమా పరీక్ష చేయించాలన్నాడు.

"మత్తు ఇచ్చి కెమెరాతో చూడటం మామూలు. కాని మీ గుండెకు స్టెంట్ పడి ఇంకా మూడు నెలలే అయింది. అందుకని ముందు ఫోటోలు తీద్దాం. సున్నం నీళ్లలాంటి తెల్లటి మందు పేగులోకి పంపిస్తే ఎక్స్‌రేలో పేగు గోడలన్నీ అచ్చుగుద్దినట్టు కనబడతాయి."

"తాగుతనే సార్. ఎంత చేదున్నా తాగుత."

"తాగేది కాదు. పైపేగులకైతే నోటి నుంచి ఇస్తారు. మనకు కావలసింది పెద్దపేగు, అందుకని కింది నుంచి పంపిస్తారు."

కనకరాజు కుర్చీలో ముందుకు జరిగాడు. "కింది నుంచి అంటే... ఎంత కింది నుంచి సార్?"

డాక్టర్ మొహం చూసి కనకరాజుకే అర్థమైంది. రెండు చేతులతో కుర్చీ అంచులు గట్టిగా పట్టుకున్నాడు.

ఇంటికొచ్చి సక్కుబాయితో "గ్యాస్‌కు ఫోటో తీస్తరట" అన్నాడు. గ్యాస్‌కు ఫోటో ఏమిటని ఆమె అడగలేదు. ఈ రోజుల్లో దేనికి ఫోటో తీయడం లేదు గనక!

పరీక్ష శుక్రవారం పొద్దున, నాచారంలో ఒక ఎక్స్‌రే సెంటర్‌లో. ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో అచ్చువేసిన కాగితం ఒకటి వాళ్లిచ్చారు. అందులో మొదటి వాక్యం ఇది: "పరీక్షకు ముందు దినమున రోగి పారదర్శక ద్రవములను మాత్రమే సేవించవలెను." దాని కింది వాక్యం మీద సెంటర్ వాళ్ల ఊదారంగు రబ్బరు ముద్ర సరిగ్గా పడింది. ముద్ర కింద ఏముందో చదవడం ఎవరి తరమూ కాలేదు.

సక్కుబాయి కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "ద్రవం ఎరుకే. పారదర్శకం ఏంది?"

ఆ ఇంట్లో పెద్ద పెద్ద తెలుగు మాటలకు దిక్కు బిక్షపతి. కనకరాజు చెల్లెలు సారలమ్మ భర్త. చెంగిచెర్లలో ఉంటాడు. కనకరాజు కంపెనీలోనే ముప్పై ఏళ్లు యూనియన్ నడిపి రిటైరయ్యాడు. రోజూ పేపర్‌ను మొదటి పేజీ నుంచి టెండరు నోటీసుల దాకా వదలకుండా చదువుతాడు. ఫోన్ చేస్తే గంటలో బండేసుకుని వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, కాగితం మీద ఒక చూపు విసిరి పెద్దగా నవ్వాడు.

"పారదర్శకం తెల్వదా బామ్మర్దీ? యూనియన్ ఎలచ్చన్లు పారదర్శకంగ జరపాలె అని కంపెనీ గేటు ముందట ఎన్నిసార్లు మొత్తుకున్న! పారదర్శకం అంటే దాపరికం లేకుంట. నలుగురి ముందట, బాజాప్త."

"అంటే?"

"అంటే ఏమున్నది, నువ్వు తాగేది ఏదైనా సరే నలుగురి ముందట తాగాలె. చాటుకు తాగొద్దు."

సక్కుబాయికి ఈ మాట ఎంతో సబబుగా తోచింది. "నిజమే అన్నా. పరీక్ష ఉన్నదని చెప్పి చాటుకు మిర్చి బజ్జీలు మెక్కేటోళ్లు ఉంటరు. సాక్షులు ఉంటే ఆ ఆటలు నడవయి. దవాఖానోళ్లు మస్తు తెలివిగల్లోళ్లు."

"మరి ఏమేం తాగొచ్చు బావా?" అని అడిగాడు కనకరాజు.

"రాసిన్రా? రాయలే. రూలు రాయకపోతే కార్మికునికి అనుకూలంగ చదువుకోవాలె. కోర్టు గూడ గదే అంటది."

గురువారం పొద్దున్నే ఇంటిముందు అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కనకరాజు దాని మీద కూర్చున్నాడు. ఏడింటికి అర్ధలీటరు పాలు, సత్తమ్మ సాక్షి. తొమ్మిదింటికి జొన్న అంబలి, సత్తమ్మతో పాటు కూరగాయల బండి అతను కూడా సాక్షి. పదకొండింటికి పెద్ద చెంబుడు సల్ల, పలచగా చిలికిన మజ్జిగ. అప్పటికే గల్లీలో పనున్నవాళ్లూ పనిలేనివాళ్లూ ఆగి చూసి పోతున్నారు. గ్లాసు ఖాళీ అయినప్పుడల్లా సక్కుబాయి దాన్ని బోర్లించి అందరికీ చూపించింది.

నాలుగింటికి బిక్షపతి చెంగిచెర్ల నుంచి ఒక క్యాను పట్టుకుని వచ్చాడు. మూత తీయగానే సక్కుబాయి ముక్కుకు వాసన తగిలింది.

"కల్లా! ఏందన్నా ఇది, దవాఖాన పరీక్ష పెట్టుకుని?"

"చెల్లె, నేను అడిగినదానికి చెప్పు. కల్లు ద్రవమా, కాదా?"

"ద్రవమే."

"చాటుకు తాగుతున్నడా?"

"లేదు."

"మరి?"

కాగితంలో ఉన్న ప్రకారం చూస్తే సక్కుబాయికి కాదనడానికి ఏమీ దొరకలేదు. ముప్పై మూడేళ్ల సంసారంలో కనకరాజు కల్లు తాగి వచ్చిన ప్రతిసారీ సోంపు నమిలి, గోడ వైపు తిరిగి మాట్లాడి, అన్నం వద్దని పడుకునేవాడు. ఆ రోజు ఆవిడే తన చేతులతో చెంబు వంచి పోసింది. గల్లీ అంతా చప్పట్లు కొట్టింది. పరీక్ష అంటే ఇంత బాగుంటుందని తెలిస్తే ఎప్పుడో చేయించుకునేవాణ్ణి గదా అనుకున్నాడు కనకరాజు. సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వుతోంది. ఇప్పుడు చెప్పేస్తే బాగుండు అని ఒక్క క్షణం అనిపించింది. ఆ నవ్వు చూసి ఊరుకున్నాడు.

సాయంత్రం ఆరింటికి వాళ్లిచ్చిన పొడి మందు నీళ్లలో కలుపుకుని తాగాడు. అరగంటలో మందు తన పని మొదలుపెట్టింది. బిక్షపతి పరిస్థితి గమనించి బండి స్టార్ట్ చేశాడు.

శుక్రవారం నాచారం సెంటర్‌లో వాళ్లను లోపలికి పిలిచింది త్రివేణి అనే టెక్నీషియన్. జనగామ వైపు పిల్ల, ముప్పై ఏళ్లుంటాయి. ముందుగా కడుపుకు ఒక మామూలు ఎక్స్‌రే తీసింది. దాన్ని చూసి కనుబొమలు ముడివేసుకుని బయటికొచ్చింది.

"అంకుల్, నిన్న ఏం తాగినరు?"

కనకరాజు ఛాతీ విరుచుకున్నాడు. "అంత బాజాప్త తాగిన బిడ్డా. సాక్షులు గూడ ఉన్నరు."

"సాక్షులేంది?"

సక్కుబాయి వేళ్లు మడిచి లెక్కచెప్పింది. "పొద్దుగాల పాలు. మల్ల జొన్న అంబలి. మల్ల సల్ల. నాలుగింటికి కల్లు."

త్రివేణి చేతిలో పెన్ను బల్ల మీద పెట్టింది. "కల్లా?"

"ఒక్క చెంబే," అన్నాడు కనకరాజు.

కాగితం సంగతి, బిక్షపతి సంగతి, గల్లీ చప్పట్ల సంగతి అంతా విన్నాక ఆ పిల్ల నవ్వాపుకోలేక గోడకు ఆనుకుంది. కళ్లు తుడుచుకుని, కాగితంలో ఆ వాక్యాన్ని పెన్నుతో కొట్టేసింది.

"ఇది రాసినాయన ఎవలో గాని ఆయనకు దండం. అంకుల్, ఇక్కడ పారదర్శకం అంటే అవతలిది కనబడేది. గ్లాసుల పోసి ఎనుక పేపర్ పెడితే అచ్చరాలు చదవరావాలె. మంచినీళ్లు, కొబ్బరినీళ్లు, పాలు పొయ్యని చాయ్, మంచిగ వడగట్టిన ఆపిల్ రసం. గంతే. పాలు, సల్ల, అంబలి లోపల అంటుకుంటయి. పేగుల జరంత మిగిలినా ఫోటోల గడ్డ లెక్క కొడతది. లేని రోగం ఉన్నట్టు కనబడతది, ఉన్న రోగం దాని చాటుకు దాక్కుంటది. అందుకే కడుపు కడిగిన గిన్నె లెక్క ఉండాలె."

"అయితే ఇయ్యాల కాదా?"

"ఇయ్యాల కాదు. మంగళవారం రాండ్రి. అప్పటిదాక ఆగకుంట ఫారం ఇప్పుడే నింపుకుందాం." త్రివేణి డాక్టర్ చీటీ ముందు పెట్టుకుని ఒక్కొక్కటే అడిగింది. షుగర్ ఉందా, రబ్బరు చేతితొడుగులు ఒంటికి పడవా, ఇంతకుముందు కడుపుకు ఆపరేషన్ అయిందా, గుండెకు ఏ మాత్రలు వాడుతున్నారు. కనకరాజు చకచకా చెప్పాడు. "రక్తం పడుడు ఎన్ని దినాల సంది?" అని అడిగింది ఆ పిల్ల.

కనకరాజు తలెత్తి సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

"ఏ రక్తం?" అంది సక్కుబాయి.

"చీటీల రాసిండు గదమ్మా డాక్టరు. మలంల రక్తం, వాళ్ల అన్నకు పెద్దపేగు క్యాన్సర్ అని."

త్రివేణి ఒకసారి ఆయన వైపు, ఒకసారి ఆమె వైపు చూసి, తాను తెరవకూడని తలుపేదో తెరిచానని గ్రహించి పెన్ను మూతపెట్టింది.

"నెలన్నర," అన్నాడు కనకరాజు, ఫ్యానుతోనే.

నాచారం నుంచి ఉప్పల్ దాకా ఆటోలో సక్కుబాయి ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె తిట్టి ఉంటే కనకరాజుకు ప్రాణం హాయిగా ఉండేది. ఇంటికొచ్చి సంచి కింద పెట్టాక అప్పుడు నోరు విప్పింది.

"బాలరాజు బావకు చేసిన. నీకు చెయ్యననుకున్నవా?"

"గట్ల కాదే..."

"మరెట్ల? నీ గ్యాస్ సంగతి గల్లీ అందరికి ఎరుక. నీ రక్తం సంగతి నాకు ఎరుక లేదు. ఈ ఇంట్ల నేను కిరాయికి ఉంటున్ననా?"

కనకరాజు గడప మీద కూలబడ్డాడు. "నాకు భయమైతున్నది సక్కూ. అన్న లెక్కనే పోతనేమో అని మస్తు భయమైతున్నది. నీతోని చెప్తే అది నిజమైతదని చెప్పలే."

సక్కుబాయి ఏడ్చింది. ఏడ్చి మొహం కడుక్కుంది. ఆ తరవాత మంగళవారం దాకా ఆయనతో మాట్లాడకూడదని నిశ్చయించుకుంది. మాటలే మానేసింది గాని పనులు మానలేదు. గుండె మాత్ర పరీక్ష రోజు పొద్దున ఒక గుక్క నీళ్లతో వేసుకోవచ్చా అని డాక్టర్‌కు తానే ఫోన్ చేసి కనుక్కుంది. కొబ్బరిబొండాలు తెప్పించింది. ఆపిల్ రసం తీసి, పలచటి గుడ్డలో ఒకసారి కాదు, మూడుసార్లు వడగట్టింది.

బిక్షపతి తప్పు ఒప్పుకోవడానికి వచ్చాడు. ఒప్పుకోవడం అలవాటు లేదు గనక "మాటకు రెండర్థాలు ఉంటయి చెల్లె, తప్పు భాషది" అని మొదలుపెట్టాడు. సక్కుబాయి ఆయన చంకలోని పేపర్ లాక్కుంది.

సోమవారమంతా ఆ పేపరే పరీక్షాధికారి. సక్కుబాయి గ్లాసులో కొబ్బరినీళ్లు పోసి వెనక పేపర్ పట్టుకుని కనకరాజు ముందు నిలబడేది. ఆయన చదవాలి. "ఉల్లి ధరలకు మళ్లీ రెక్కలు" అని చదివితే తాగనిచ్చేది. పాలు లేని చాయ్ వంతు వచ్చేసరికి పెద్దక్షరాలు చదవగలిగాడు గాని చిన్నవి చదవలేకపోయాడు. సగం పారబోసి నీళ్లు కలిపింది. సాయంత్రం అవతలి సందులో మిర్చి బజ్జీలు వేస్తున్న వాసన గల్లీలోకి వచ్చింది. కనకరాజు కళ్లు మూసుకుని ఆ వాసన చూస్తూ ఉల్లి ధరల వార్త మొత్తం అప్పజెప్పాడు. పొడి మందు ఈసారి నిజంగా పనిచేసింది. ఎనిమిదోసారికి వట్టి నీళ్లే వచ్చాయి. తలుపు చాటు నుంచి ఆయన ఆ మాట గట్టిగా ప్రకటించాడు. సక్కుబాయి జవాబివ్వలేదు. బయట నిలబడి విని మాత్రం వెళ్లింది.

మంగళవారం త్రివేణి మళ్లీ మామూలు ఎక్స్‌రే తీసి "శభాష్ అంకుల్, అద్దం లెక్క ఉన్నది" అంది. అంతా సవ్యంగా ఉందనుకునేసరికి కొత్త చిక్కు వచ్చి పడింది.

"ఒంటి మీద లోహం ఏది ఉండొద్దు. ఉంగరం తియ్యండ్రి. మొలతాడు గూడ."

కనకరాజు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయనది వెండి మొలతాడు. మొన్న శుక్రవారం దాన్ని పైకి జరిపి పని కానిచ్చారు. ఈరోజు బల్ల మీద అటూ ఇటూ దొర్లించి ఫోటోలు తీయాలి గనక జరిపితే చాలదు.

"మొలతాడు తియ్య. పెండ్లాం బతికుండంగ మొలతాడు ఇప్పుతరా ఎవలన్న?"

ఆ పక్క ఊళ్లలో పెళ్లాం చచ్చిపోయినవాడికే మొలతాడు తీయిస్తారు. జనగామ పిల్లకు ఆ సంగతి తెలియదని కాదు. తెలుసు గనకే ఏం చెప్పాలో తోచక బయటికెళ్లి సక్కుబాయిని పిలుచుకొచ్చింది.

సక్కుబాయి సంగతి విన్నది. ఆకుపచ్చ గౌను వేసుకుని, దాన్ని వెనక నుంచి చేత్తో మూసుకుని నిలబడ్డ మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది. నాలుగు రోజుల తరవాత ఆయనతో మాట్లాడిన మొదటి మాట అదే.

"ఇటు రా. నేనే తీస్త. బతికున్నదాని చేతుల ఉంటే దోషమేంది?"

కొక్కెం విప్పి, మొలతాడు తీసి, తన ఎడమచేతి మణికట్టుకు నాలుగు చుట్లు చుట్టుకుంది.

"నువ్వు బయటికొచ్చేదాక ఇది నా కాడనే ఉంటది. పో, భయపడకు," అంది.

కనకరాజు రెండు చేతులతో ఆ మణికట్టు పట్టుకున్నాడు. వెనక గౌను వదిలేశానని కూడా ఆయనకు గుర్తులేదు.

లోపల బల్ల మీద ఎడమవైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకోమంది త్రివేణి. "బిగబట్టొద్దు అంకుల్. నోటితోని మెల్లగ ఊపిరి తీసుకోండ్రి. సన్నటి గొట్టం, దాని కొసకు చిన్న గాలిబుగ్గ ఉంటది. మందు బయటికి రాకుంట అది ఆపుతది." గొట్టం పెట్టిన సంగతి కనకరాజుకు తెలిసింది, తెలిసిన మాట నిజం. కాని తాను ఇన్నాళ్లూ ఊహించుకున్నంత ఘోరమేమీ కాలేదు. తరవాత చల్లటి మందు మెల్లగా నిండడం మొదలైంది. ముప్పై ఏళ్లు అచ్చుల్లోకి ప్లాస్టిక్ పోసినవాడు ఆ పూట తానే అచ్చయ్యాడు.

"బిడ్డా! అర్జెంటు!"

"అందరికి గట్లనే అనిపిస్తది. పోదు. ఒకవేళ పోయినా నేను ఏమనుకోను, నాకిది రోజు పని."

బల్ల కదిలింది. తల కిందికి వంగింది, మళ్లీ లేచింది. కుడికి తిరగమన్నారు, బోర్లా పడుకోమన్నారు, ఊపిరి ఆపమన్నారు, వదలమన్నారు. కొంత మందు బయటికి తీసి గాలి పంపారు. అప్పుడు మాత్రం కడుపు మెలిపెట్టినట్టయింది. ఇన్నాళ్లూ ఊళ్లో చెప్పుకు తిరిగిన గ్యాస్ ఇప్పుడు నిజంగా వచ్చిందనుకున్నాడు కనకరాజు. ఆ నొప్పిలోనే నవ్వొచ్చింది. నవ్వితే ఫోటో చెడుతుందని త్రివేణి కసిరింది.

తెర మీద తెల్లగా పేగు కనబడుతోంది. వంపులు తిరిగి, మడతలు పడి. దాని భాష కనకరాజుకు రాదు. త్రివేణి మొహమే చదువుతూ పడుకున్నాడు. ఒకచోట ఆ పిల్ల ఆగింది. అదే చోట మళ్లీ ఇంకో ఫోటో తీసింది. మళ్లీ ఇంకొకటి.

"ఏమన్న ఉన్నదా బిడ్డా?"

"అది డాక్టరే చెప్పాలె అంకుల్," అంది త్రివేణి, ఆయన వైపు చూడకుండా.

నవ్వు అక్కడే ఆగిపోయింది. కనకరాజు బాత్రూముకు వెళ్లొచ్చి బట్టలు వేసుకున్నాడు గాని, ఆ తరవాత త్రివేణి చెప్పిన జాగ్రత్తలు ఆయన తలకెక్కలేదు. సక్కుబాయే విన్నది. రెండు మూడు రోజులు విరేచనం తెల్లగా అవుతుంది, భయపడొద్దు. మందు లోపల గట్టిపడకుండా నీళ్లు బాగా తాగాలి. రెండు రోజులైనా కడుపు కదలకపోతే, నొప్పి ఎక్కువైతే ఫోన్ చెయ్యాలి. సక్కుబాయి అన్నింటికీ తలూపి, మొలతాడు విప్పి మొగుడి నడుముకు తానే పెట్టింది.

గురువారం నరసింహమూర్తి ఫోటోలు వెలుతురుకు పట్టుకుని చూస్తున్నంతసేపూ ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

"చిన్న కాయ ఉంది. పల్లీ గింజంత, ఒక్కటే. ఇలాంటివాటిని ఏళ్ల తరబడి వదిలేస్తేనే గడ్డలవుతాయి. మీ గుండె డాక్టర్‌తో మాట్లాడి, మంచి రోజు చూసి తీసేద్దాం. తీసినదాన్ని పరీక్షకు పంపాలి గాని, నాకైతే భయపడవలసింది కనబడటం లేదు. మంచి సమయానికి వచ్చారు."

సక్కుబాయి రెండు చేతులూ జోడించింది. కనకరాజు డాక్టర్ బల్ల మీద తలవాల్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. డాక్టర్ ఆయన్ను ఏడవనిచ్చి, తరవాత అడిగాడు.

"మీ తోడబుట్టినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

"ఒక చెల్లె ఉన్నది సార్."

"అన్నదమ్ములిద్దరికీ కనబడింది గనక ఆమెను కూడా ఒకసారి చూపించండి. ఆలస్యం చెయ్యకండి."

అటునుంచి అటే చెంగిచెర్ల వెళ్లారు. సారలమ్మ చాయ్ పెట్టింది. బిక్షపతి పేపర్ మడిచి పక్కన పెట్టాడు. కనకరాజు ఏ ఒక్కటీ వదలకుండా మొత్తం చెప్పాడు. రక్తం సంగతి చెప్పాడు, గొట్టం సంగతి చెప్పాడు, "అర్జెంటు" అని అరిచిన సంగతి, గౌను జారిన సంగతి, నిన్న తెల్లగా అయిన దొడ్డి చూసి సక్కుబాయి త్రివేణికి ఫోన్ చేసి ధైర్యం తెచ్చుకున్న సంగతి. బిక్షపతి తొడలు చరుచుకుని నవ్వాడు. సక్కుబాయి నవ్వింది. ఎదురుగా పీట మీద కూర్చున్న సారలమ్మ మాత్రం నవ్వలేదు. చాయ్ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని దాంట్లోకి చూస్తోంది.

"డాక్టరు నిన్ను గూడ తీస్కరమ్మన్నడు చెల్లె," అన్నాడు కనకరాజు. "ఊకెనే చూస్తరు, గంతే."

"అన్నా." సారలమ్మ గొంతు సరిగ్గా వినబడలేదు. "నాకు గూడ పడ్తున్నది. బోనాలప్పటి సంది."

బిక్షపతి నవ్వు నోట్లోనే ఉండిపోయింది. "నాకెందుకు చెప్పలేవే?" అన్నాడు.

"ఎన్నిసార్లో చెప్దామని వచ్చిన. నువ్వు పేపర్ చదువుతుంటివి."

కంపెనీ గేటు ముందు మైకు లేకుండా వెయ్యిమందికి వినబడేలా మాట్లాడిన మనిషి లేచి వెళ్లి భార్య పక్కన, పీట చాలకపోతే నేల మీదే కూర్చున్నాడు. సక్కుబాయి ఆమె చేతిలోంచి చల్లారిపోయిన గ్లాసు తీసుకుంది.

"నొప్పి ఉంటదా అన్నా?" అని అడిగింది సారలమ్మ.

కనకరాజు అబద్ధం చెప్పలేదు. "కడుపుల జర పట్టేసినట్టు ఉంటది. నొప్పికంటె సిగ్గు ఎక్కువ. అర్ధగంట, అంతే. నీ పక్కన మీ వదినె ఉంటది, తలుపు బయట నేను కూసుంట. పొద్దుగాల్నే వస్తం, ముందుగాల డాక్టరు కాడికి పోదాం, తయారుండు."